నెస్టర్ మెడలో పైపులు

మా విట్కో ఊరికి తెలిసినవాళ్ళలో, ఎం.ఎస్. అనే నరాల జబ్బు ఎందుకొస్తుందో తెలియని మనిషి ఒక్కరే. ఆవిడ నగరంలో పెద్దాసుపత్రి నరాల డాక్టరు. మిగతా ఊరందరికీ తెలుసు. గోధుమ పొలాల మీద కొట్టే మందువల్ల అని కొందరు. బావినీళ్ళలో ఇనుము అని కొందరు. ఏడాదిలో సగం రోజులు సూర్యుడు మొహం చాటేస్తాడు, రాకేం చేస్తుందని ఇంకొందరు. పెరోగీలని మేం ఉడకబెట్టుకుతినే కజ్జికాయల మీద పోసుకునే పుల్లమీగడే కారణమని ఒక పెద్దావిడ అంది గాని, తర్వాతి ఆదివారం చర్చిలో ఆవిడ పక్కన ఎవరూ కూర్చోలేదు. కొన్ని సిద్ధాంతాలు మా ఊరు భరించలేదు.

వీధికొకరికైనా ఉన్న జబ్బు మరి. కెనడాలో మా రాష్ట్రం సస్కాచువాన్‌లో గోధుమల తర్వాత బాగా పండేది ఇదేనని మేమే జోకులేసుకుంటాం. బయటివాళ్ళు వేస్తే మాత్రం కొడతాం.

ఈ జబ్బు నెస్టర్ హావ్రిలక్ కుడికాలికి వచ్చింది. నెస్టర్ ఊరి ప్లంబరు. యాభై దాటిన మనిషి, మీసం, బొజ్జ, ఎవరింట్లో ఏ కుళాయి ఎంతసేపటికొక బొట్టు కారుస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. అడక్కపోయినా చెప్తాడు. కాలు నేలకి రాసుకుంటూ రావడం మొదలైనప్పుడు బూటు బాగాలేదనుకున్నాడు. కొత్త జత కొన్నాడు. అదీ రాసుకుంది. కొట్టువాడితో దెబ్బలాడి ఇంకో జత తెచ్చుకున్నాడు. మూడో జత ముందుభాగం కూడా అరిగాక గాని తప్పు బూటుది కాదని ఒప్పుకోలేదు.

నగరంలో డాక్టరమ్మ తలకి స్కానింగులు తీయించి, ఓపిగ్గా కూర్చోబెట్టి చెప్పింది. "మీ నరాల మీద ఒక పూత ఉంటుంది, కరెంటు వైరు మీద తొడుగులాగ. ఒంటిని కాపాడాల్సిన కణాలే పొరపాటుపడి ఆ పూతని తినేస్తున్నాయి. ఎందుకు పొరపాటు పడుతున్నాయో ఇంకా పూర్తిగా తెలియదు."

జబ్బు సంగతి సరే, నెస్టర్‌ని నిజంగా దెబ్బకొట్టింది ఆ 'వైరు' అన్న మాట. ఎందుకంటే ఊరి ఎలక్ట్రీషియన్ ఆర్డెన్ మోబర్గ్ వాడికి ప్రాణస్నేహితుడు, అంటే చిన్నప్పట్నించీ శత్రువు. ఏ కొత్త ఇల్లు కడుతున్నా గోడలో ముందు పైపు వెళ్ళాలా, వైరు వెళ్ళాలా అని ఇద్దరూ తన్నుకునేవాళ్ళు.

"ముప్పై ఏళ్ళు పైపుల్లో తల పెట్టాను ఎలైన్," అన్నాడు పెళ్ళాంతో, ఇంటికొస్తూ కారులో. "చివరికి నాకు కరెంటోళ్ళ జబ్బా?"

ఈ మాట ఎలైన్ నోటినించి ఆర్డెన్‌కి చేరింది. ఆర్డెన్ తర్వాతి రోజు కాఫీ కొట్టులో అందరిముందూ నెస్టర్ జేబులో ఒక ఫ్యూజు పడేశాడు. "బాధపడకురా. రాత్రి పడుకునేముందు ఇది నమిలి మింగు."

అలా రెండేళ్ళు గడిచాయి. నెస్టర్ కర్ర పట్టుకోలేదు గాని పట్టుకోవాల్సిన రోజు దగ్గరపడుతోందని అందరికీ కనిపిస్తూనే ఉంది. అప్పుడొచ్చింది ఆ టీవీ కార్యక్రమం.

శనివారం సాయంత్రం. సముద్రాల అవతల ఒక డాక్టరుగారు చెప్తున్నారట: ఎం.ఎస్. ఉన్నవాళ్ళకి మెదడునించి రక్తం కిందికి దించే మెడ రక్తనాళాలు ఇరుకైపోయి ఉంటాయని. రక్తం దిగక వెనక్కి తన్నుతుందని, జబ్బుకి అదే మూలమని. చిన్న బెలూను పంపించి ఆ నాళం వెడల్పు చేస్తే మనిషి తేలికపడతాడని. తెరమీద ఒకావిడ కళ్ళనీళ్ళతో మెట్లెక్కి చూపించింది.

నెస్టర్ సోఫాలోంచి లేచిన తీరుకి ఎలైన్ చేతిలో పాప్‌కార్న్ గిన్నె ఎగిరిపోయింది.

"డ్రైను!" అని అరిచాడు. "విన్నావా! డ్రైను పూడుకుపోయింది! వైరూ కాదు, గీరూ కాదు! ఇది నా జబ్బే!"

అంత సంతోషంగా తన జబ్బుని సొంతం చేసుకున్న రోగిని ఎలైన్ ఎప్పుడూ చూడలేదు.

తర్వాతి వారం డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాడు, ఒక కాలు పరిగెత్తినంత మేరకి. ఆవిడ అంతా విని, "ఇంకా సరిగా పరీక్షించి చూడలేదు నెస్టర్‌గారూ. జబ్బు లేనివాళ్ళలో కూడా అలాంటి ఇరుకు నాళాలు ఉండొచ్చు. కొన్నాళ్ళు ఆగండి," అంది.

"డాక్టరమ్మా, స్నానాలగదిలో మురుగు పైకి తన్నుతుంటే నేను ఏ ఇంటావిడకీ 'ఆగండి, పరిశోధన జరుగుతోంది' అని చెప్పలేదు."

"కానీ తవ్వేముందు అది నిజంగా పూడుకుందో లేదో చూస్తారు కదా?"

"చూడ్డమెందుకు? వాసన చాలు."

ఆవిడ నవ్వింది. నెస్టర్‌కి అది ఓడిపోయిన నవ్వులా కనిపించింది. మందుల కంపెనీలు మీ నోరు నొక్కేశాయని కూడా ఒక మాట విసిరి బయటికొచ్చాడు. ఆ మాట తనకే చాలా బాగుందనిపించి, ఊరంతా చెప్పుకుని తిరిగాడు.

ఊరు రెండు పార్టీలైంది. పైపు పార్టీ, వైరు పార్టీ. కాఫీ కొట్టులో కిటికీ పక్క బల్లలు పైపులవాళ్ళవి, పొయ్యిపక్కవి వైర్లవాళ్ళవి. ఎం.ఎస్. ఉన్నవాళ్ళందరూ దాదాపు పైపులవైపే. వైర్లవైపు కూర్చుంటే ఏముంది, 'తెలియదు, ఆగండి' తప్ప? పైపులవైపు బెలూను ఉంది, మెక్సికోలో ఆసుపత్రి ఉంది, విమానం టికెట్టు ఉంది. రాజధానిలో మా జిల్లావాళ్ళు జెండాలు పట్టుకుని, ఆ ఆపరేషన్ ఇక్కడే చేయించాలని గొంతులు చించుకున్నారు. ఆర్డెన్ జెండా పట్టుకోలేదు గాని, ఆ చలిలో నిలబడ్డవాళ్ళకి తన వ్యానులో కాఫీ తీసుకెళ్ళాడు. పార్టీ వేరు, చలి వేరు.

నెస్టర్ని మెక్సికో పంపే ఖర్చులకి డబ్బు పోగుచెయ్యడానికి ఊరి హాల్లో విందు పెట్టారు. పెరోగీలు, క్యాబేజీ చుట్టలు, పందిమాంసం లాటరీ, అన్నీ మామూలే. మామూలు కానిది నెస్టర్ ఉపన్యాసం. అద్దంలాంటి ఒక గొట్టం వేదికమీద వేలాడదీసి, పైన గరాటు పెట్టి, బీట్‌రూట్ చారు పొయ్యడం మొదలెట్టాడు. "ఇది నా రక్తం." పాదిరిగారు కొంచెం ఇబ్బందిగా కదిలారు. "ఇదిగో, ఇది నా మెడ." గొట్టానికి పటకారు బిగించాడు. "ఇప్పుడు చూడండి, ఎటు పోతుంది? వెనక్కి!"

వెనక్కే పోయింది. గరాటుతో సహా పోయింది. ముందువరసలో అందరికీ ఎర్రగా రక్తం వచ్చింది, మెడకి బయట. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. ఇంతకంటే రుజువు ఏం కావాలి? మా ఊరివాళ్ళం అమాయకులం కాదు. మామీద చారు పడితే గాని దేన్నీ నమ్మం.

ఆ చప్పట్లలో అన్నిటికన్నా గట్టిగా కొట్టింది టెస్సా రెంపెల్. నెస్టర్ చెల్లెలి కూతురు, ఇంకా ముప్పై రాలేదు, స్కూలు బస్సు నడుపుతుంది. ఆమెకి కూడా ఎం.ఎస్. ఉందని తేలి అప్పటికి ఏడాదే. రోజు విడిచి రోజు సూది వేసుకునేది. సూది వేసుకున్న రాత్రల్లా జ్వరం, ఒళ్ళునొప్పులు. పొద్దున్నే లేచి పిల్లల్ని ఎక్కించుకునేది. జబ్బు మాత్రం పెరగలేదు. కనబడని మేలుకి కనబడే జ్వరం. ఎవరికి నచ్చుతుంది?

మెక్సికోలో నెస్టర్‌కి మత్తు ఎక్కువ ఇవ్వలేదట. బెలూను లోపలికి వెళ్తుంటే డాక్టర్లకి సలహాలిచ్చాడట, మూల తిరిగేచోట మెల్లిగా తొయ్యమని. తిరిగొచ్చిన వారానికి మళ్ళీ అదే హాల్లో, అకార్డియన్ వాయిస్తుంటే ఎలైన్‌తో పోల్కా డాన్సు చేశాడు. కాలు వెచ్చగా ఉందన్నాడు, తేలిగ్గా ఉందన్నాడు. నిజంగానే ఉంది. అబద్ధం కాదు. ఆ రాత్రి ఆర్డెన్ బీరు సీసా తెచ్చి చేతిలో పెట్టి, "నా వైర్లు ఓడిపోయాయిరా," అన్నాడు. అని మొహం అటు తిప్పుకున్నాడు. ఆర్డెన్ ఏడవడం నెస్టర్ అదే మొదటిసారి చూడటం. ఓడిపోయినందుకు కాదని కూడా తెలుసు.

క్రిస్మస్‌కి ముందే కాలు మళ్ళీ మొదటికొచ్చింది.

ఒకరోజు పొద్దున్న బండి దిగుతుంటే బూటు మంచులో గీత గీసింది. నెస్టర్ ఆ గీతని చూశాడు, చుట్టూ చూశాడు, రెండో కాలితో తుడిచేశాడు. మెక్సికోకి ఫోన్ చేశాడు. అవతల ఒక తియ్యటి గొంతు, నాళం మళ్ళీ ఇరుకైపోయి ఉంటుంది, ఇంకోసారి రండి, అంది. ఈ మాట నెస్టర్ ముప్పై ఏళ్ళుగా జనానికి చెప్తున్నదే. చెట్టు వేళ్ళు మళ్ళీ పెరిగి డ్రైన్లోకి వచ్చాయండీ, ఇంకోసారి తవ్వాలి. అవతలివైపు నిలబడి వినడం మాత్రం అదే మొదలు. వినడానికి ఏమీ బాగాలేదు.

ఎవరికైనా చెప్పాల్సింది. కానీ ఎవరికి? విందులో చారు మరకలు పడ్డ ముందువరసకా? ఆర్డెన్‌కా? నెస్టర్ తనకి తెలిసిన పని చేశాడు. మరమ్మతు. తలుపు స్ప్రింగు ఒకటి తీసుకుని, ఒక కొస మోకాలికింద పట్టీకి, రెండో కొస బూటు లేసుకి కట్టాడు. కాలెత్తితే స్ప్రింగు ముందువేళ్ళని పైకి లాగుతుంది. మీద ప్యాంటు. చూస్తే మామూలు మనిషే. చలికి అది కీచుమనేది. రోజూ నూనె పోసేవాడు. ఎక్కడికైనా అందరికన్నా ముందే వెళ్ళి కూర్చునేవాడు, అందరూ వెళ్ళాక లేచేవాడు. వాడికి ఇంత సమయపాలన ఎక్కణ్ణించి వచ్చిందని ఊరు ఆశ్చర్యపోయింది. ఇదీ బెలూను మహిమే అనుకున్నారు.

పండగ వెళ్ళాక టెస్సా నెస్టర్ వాళ్ళ వంటింట్లో కూర్చుని అడిగింది. "మామయ్యా, మెక్సికోకి నేనూ రాశాను. మార్చిలో రమ్మన్నారు. సూదులు మానెయ్యనా మరి? ఎలాగూ అవసరం ఉండదుగా?"

నెస్టర్ బల్లకింద కాలు దాచుకుని, నవ్వి, "చూడు నన్ను," అన్నాడు.

ఆమె చూసింది. సూదులు మానేసింది.

మార్చి వచ్చింది. టెస్సా సోమవారం విమానం ఎక్కాలి. అంతకుముందు గురువారం, పెద్ద సూట్‌కేసు అడిగి తీసుకెళ్దామని వచ్చి, గుమ్మంలో నిలబడి ఎడమకన్ను నలుపుకుంది.

"బస్సు అద్దానికి మంచు పట్టిందనుకున్నా మామయ్యా. చూస్తే అద్దం కాదు, కన్ను. బస్సు మా ఆఫీసువాళ్ళకి అప్పగించేసి వచ్చా, ఇలా పిల్లల్ని ఎలా ఎక్కించుకోను? ఎడమచెయ్యి కూడా తిమ్మిరిగా ఉంటోంది. పర్లేదులే. బెలూను వేశాక పోతుంది. పోతుందిగా?"

నెస్టర్ నోరు తెరిచాడు. నోట్లో డోనట్ ఉంది. ఇదే మంచిదనుకుని నములుతూనే ఉన్నాడు. మింగాక, "డాక్టరమ్మకి ఓసారి ఫోన్ చెయ్యకపోయావా," అన్నాడు.

"నువ్వా ఆ మాటనేది? ఆవిడ నోరు కంపెనీలు నొక్కేశాయన్నావుగా!" అని నవ్వుకుంటూ సూట్‌కేసు ఈడ్చుకుపోయింది.

తలుపు పడగానే ఎలైన్ పొయ్యిదగ్గర్నించి తిరక్కుండానే అంది. "ఏమయ్యా, నీ కాలు కీచుమంటోంది."

"కొత్త బూటు."

"కొత్త బూటుకి నూనెవాసన ఎందుకు?"

నెస్టర్ కాలు కుర్చీకిందికి లాక్కున్నాడు. అదీ కీచుమంది.

"నాకు జనవరినించి తెలుసు," అంది ఎలైన్. "నువ్వే చెప్తావని చూస్తున్నా. నాకు చెప్పకపోయినా పర్లేదు, కాపరం చేసిందాన్ని, పడి ఉంటా. ఆ పిల్ల సోమవారం వెళ్తోంది. నువ్వు చెప్తే నమ్ముతుంది. నేను చెప్తే, అత్తయ్య వైర్ల పార్టీ అంటుంది."

"దానికి పనిచెయ్యొచ్చు కదా ఎలైన్. ఒంటికో తీరు."

ఎలైన్ గరిటె కిందపెట్టి వాడివైపు చూసింది. ఏమీ అనలేదు. పెళ్ళైనప్పట్నించీ ఆవిడ తిట్టే పద్ధతి అదే. ఈ పద్ధతికన్నా గరిటెతో కొట్టడం నయమని నెస్టర్ చాలాసార్లు అనుకున్నాడు.

శనివారం మా ఊరి కర్లింగ్ పోటీ, మంచుమీద బరువైన రాయిని జార్చి అవతల గీసిన వలయాల నడిమధ్యకి చేర్చే ఆట. ఎవరు చచ్చినా బతికినా ఆగదు. ఆర్డెన్ కెప్టెను. నెస్టర్ కాలు బాగుపడిందన్న సంబరంలో, రెండేళ్ళుగా బెంచీమీద కూర్చున్నవాణ్ణి మళ్ళీ జట్టులోకి తీసుకున్నాడు. నెస్టర్ పని చీపురు. మంచుమీద జారే రాయికి ముందు పరిగెడుతూ మంచు రుద్దాలి. రుద్దితే రాయి దూరం పోతుంది, తిన్నగా పోతుంది. స్ప్రింగుకి పొద్దున్నే రెండింతల నూనె పోసి వచ్చాడు.

చివరి రాయి. పక్క ఊరితో ఫైనలు. వాళ్ళ కెప్టెన్ మార్జ్, ఒకప్పుడు బడిపంతులమ్మ. ఆర్డెన్ రాయి వదిలి, అవతలినించి "రుద్దండ్రా! రుద్దు! ఒరే నెస్టర్, చంపేస్తా రుద్దకపోతే!" అని అరుస్తున్నాడు. నెస్టర్ రుద్దాడు. ఊపిరి అందలేదు. వలయాల దగ్గరికి వచ్చేసరికి ప్యాంటులోపల 'టంగ్'మని స్ప్రింగు తెగింది. ముందువేళ్ళు వాలిపోయాయి. ఈడ్చుకొచ్చిన బూటు రాయి పక్కకి తగిలింది, మెత్తగా, కుక్కపిల్ల ముట్టెతో తోసినట్టు. రాయి ఇంకాస్త జరిగి, సరిగ్గా నడిమధ్యన ఆగింది.

గెలిచారు. అద్దంగోడ వెనక కూర్చున్న ఊరంతా గంతులేస్తోంది. ఆ అద్దంలోంచి గోల వినబడదు, నోళ్ళు మాత్రం కనబడతాయి. నెస్టర్‌తో పాటు రుద్దినవాడు రాయికి అటువైపు ఉన్నాడు. వాడూ చూడలేదు. ఆర్డెన్ చూడలేదు. మార్జ్ చూడలేదు. ఆవిడ అప్పుడే చెయ్యి కలపడానికి గ్లవ్వు తీస్తోంది.

మా ఆటకి అంపైరు లేడు. కదిలే రాయికి చీపురో బూటో తగిలితే, తగిలించినవాడే చెయ్యెత్తి చెప్పాలి. ఎవరూ చూడకపోతే మరీ చెప్పాలి. తాగి బండి తోలి కంచె విరగ్గొట్టినవాణ్ణి మా ఊరు ఏదో ఒకరోజుకి క్షమిస్తుంది. రాయి తగిలించి ఊరుకున్నవాడితో కాఫీ తాగదు. ఇది మాకు నడకతో పాటు నేర్పిస్తారు. అందుకే నెస్టర్ బుర్ర ఇంకా ఆలోచిస్తూ ఉండగానే, చెయ్యి దానంతటది లేచిపోయింది.

"నాది," అన్నాడు. "తగిలింది."

ఆర్డెన్ గంతు మధ్యలో ఆగిపోయాడు. "ఏంట్రా?"

మార్జ్ వచ్చింది. తప్పు చేసింది వీళ్ళు కాబట్టి రాయి ఉంచాలా తియ్యాలా అన్నది ఆవిడ ఇష్టం. "చీపురా, బూటా?"

"బూటు."

"ఊరికే రాసుకుందా, నెట్టిందా? రాసుకుంటే వదిలేద్దాం నెస్టర్. ఆట బాగా ఆడారు."

రాసుకుంది అంటే సరిపోయేది. అందులో సగం నిజమే. మార్జ్ మంచిది, నమ్ముతుంది. కప్పు వస్తుంది, పేరు నిలబడుతుంది, స్ప్రింగు కొత్తది కొనుక్కోవచ్చు. కానీ ఎవరైనా నేరుగా అడిగితే రాయి గురించి నెస్టర్ జీవితంలో అబద్ధం చెప్పలేదు. ఎలా చెప్పాలో కూడా తెలియదు.

"నెట్టింది మార్జ్. కాలు లేవలేదు. లేపినా లేవలేదు."

మార్జ్ ఒక్క క్షణం వాడి మొహంలోకి చూసి, చీపురుతో రాయిని పక్కకి తోసేసింది. ఓడిపోయారు. ఆర్డెన్ మాత్రం రాయివైపు చూడటం లేదు. ప్యాంటు కిందనించి వేలాడుతున్న స్ప్రింగు ముక్కని చూస్తున్నాడు.

"ఎప్పట్నించిరా?"

"వదిలెయ్ ఆర్డెన్."

"ఎప్పట్నించని అడిగా."

"క్రిస్మస్ ముందు."

"తలుపు స్ప్రింగు పెట్టావా?" ఆర్డెన్ వంగి ఆ ముక్కని పట్టుకున్నాడు. "నన్నడిగితే బ్యాటరీతో ఏదో ఒకటి చేసిచ్చేవాణ్ణి కదరా వెధవా."

అద్దం వెనకవాళ్ళకి ఎత్తిన చెయ్యి కనబడింది, తోసేసిన రాయి కనబడింది. మాటలు వినబడలేదు. మంచుమీంచి దిగే గుమ్మం దగ్గరికి టెస్సా పరిగెత్తుకొచ్చింది. "ఏమైంది మామయ్యా? ఏం తగిలింది? ఎందుకు చెప్పావు, వాళ్ళు చూడనే లేదు!" అని నవ్వుతూనే అడిగింది, మా ఊళ్ళో ఎవరైనా చెప్తారని తెలిసే.

మంచుమీద చెప్పడం తేలిక. మంచుమీద అడిగింది మార్జ్. ఇక్కడ అడుగుతున్నది ఒక కన్ను మసకేసిన పిల్ల. నెస్టర్ బెంచీమీద కూలబడి ప్యాంటు పైకి లాగాడు. పట్టీ, తెగిన స్ప్రింగు, కారుతున్న నూనె.

"నా కాలు పనిచెయ్యట్లేదు టెస్సా. బెలూను కొన్ని వారాలు పనిచేసింది, లేకపోతే పనిచేసిందని నేననుకున్నాను. మళ్ళీ రమ్మంటున్నారు. నేను వెళ్ళను."

టెస్సా స్ప్రింగుని చూసింది. నవ్వు మొహంలో ఎక్కడో ఇరుక్కుపోయి, దిగడానికి దారి దొరక్క అలాగే ఉంది.

"ఎప్పట్నించి?"

చెప్పాడు.

"అంటే మీ వంటింట్లో నేనడిగే నాటికే."

"నీ ఇష్టం అన్నాననుకుంటా—"

"కాదు. 'చూడు నన్ను' అన్నావ్." గొంతు పెంచలేదు. "చూశాను మామయ్యా. రెండు కళ్ళతోనూ చూశాను, అప్పటికి రెండూ ఉన్నాయి."

వెళ్ళిపోయింది. పక్కన పెరోగీల వాసన, కప్పు ఎవరికివ్వాలో మైకులో గోల. ఆర్డెన్ వచ్చి పక్కన కూర్చుని, తోచక, తెగిన స్ప్రింగు రెండు కొసలూ కలిపి చూస్తూ ఉండిపోయాడు.

సోమవారం టెస్సా విమానం ఎక్కలేదు. పొద్దున్నే ఫోన్ వచ్చింది, ఎలైన్‌కి. "డాక్టరమ్మ వేరే రోగుల మధ్యలో నన్ను ఇరికించి టైమిచ్చింది. మామయ్య కూడా రావాలి. మాట్లాడక్కర్లేదు, వస్తే చాలు." ఆర్డెన్ వ్యాను తీశాడు. నెస్టర్ వెనక వైరు చుట్టల మీద కూర్చున్నాడు. బతికుండగా కరెంటోడి వ్యానులో వెనక కూర్చుంటానని వాడు కలలో కూడా అనుకోలేదు, కానీ ఆ రోజు ఆ మాట జోకుగా అనే ధైర్యం కూడా లేకపోయింది.

డాక్టరమ్మ టెస్సా కంట్లో లైటు వేసి చూసింది, చేతులు నొక్కింది, వేళ్ళు లెక్కపెట్టించింది. కంటినరం వాచిందంది. కొన్నిరోజులు గట్టి మందు సెలైన్లో ఎక్కించాలి, చూపు చాలావరకు తిరిగి రావచ్చు, బస్సు సంగతి తర్వాత చూద్దాం. సూదులు మళ్ళీ మొదలుపెట్టాలి.

"మానకుండా ఉంటే ఇది వచ్చేది కాదా?" అని టెస్సా అడిగింది. నెస్టర్ నేలచూపులు చూశాడు.

"అలా చెప్పలేను," అంది డాక్టరమ్మ. "వాడుతున్నా వచ్చేదేమో. వాడితే వచ్చే అవకాశం తగ్గుతుంది. అంతవరకే తెలుసు."

తర్వాత ఆవిడ చూపు నెస్టర్ కాలిమీద పడింది. వాడు కొత్త స్ప్రింగు కట్టుకొచ్చాడు, వేరే గతిలేక. ఆవిడ వంగి చూసింది. ఇప్పుడు అంటుంది, ఆ కంపెనీల మాట తిరిగి నా మొహాన కొడుతుంది అనుకున్నాడు. కొడితే బాగుండుననుకున్నాడు.

"మీరే చేశారా?"

"ఊఁ."

"మా దగ్గర పట్టీ ఉంటుంది. కీచుమనదు." అని నర్సుకి చెప్పి కొలత తీయించింది.

లేచేముందు నెస్టర్ ఆగాడు. "అయితే డాక్టరమ్మా, ఈ జబ్బు ఎందుకొస్తుంది?"

"తెలియదు నెస్టర్‌గారూ. ఇంకా."

మెక్సికోకి వెళ్ళకముందైతే దీనికి వాడి దగ్గర అరగంట జవాబు ఉండేది.

సెలైన్లు అయిపోయిన వారం టెస్సా వాళ్ళింటికి నెస్టర్‌ని పిలిచింది. బల్లమీద సూది, దూది, మందు అన్నీ సర్ది ఉన్నాయి. చెయ్యి ఇంకా తిమ్మిరిగా ఉంది, సూది పట్టుకుంటే జారిపోతోంది. నువ్వు వెయ్యాలి, అంది.

"నేనా? ఎలైన్‌ని పిలుస్తా. నర్సుని పిలుస్తా. ఆర్డెన్‌నైనా—"

"నువ్వే. నిన్ను క్షమించానని కాదు. క్షమించలేదు. చేతులు కడుక్కో."

కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు. మెడలోకి బెలూను పోతుంటే సలహాలిచ్చిన మనిషికి, ఆ వెంట్రుకవాసి సూది చూస్తే నుదుటిమీద చెమటలు పట్టాయి. టెస్సా తొడమీద దూది రుద్దుకుని, ఇక్కడ, అని వేలు పెట్టి చూపించింది.

"టెస్సా, ఇది పనిచేస్తుందంటావా?"

"డాక్టరమ్మ చెప్పిందిగా. కొందరికి. కొంతవరకు."

"అంతేనా?"

"అంతే." కుర్చీ అంచులు గట్టిగా పట్టుకుంది. "కళ్ళు మూసుకోకు మామయ్యా! నువ్వు కాదు మూసుకోవాల్సింది, నేను. ఊఁ. పొడువు."

పొడిచాడు. మా జిల్లా అంతటా వినబడేటట్టు ఒక బూతు తిట్టింది. ఆ తిట్టు ఎవరికో ఆమె చెప్పలేదు. నెస్టర్ అడగలేదు. సూది తీసి, దూది అద్ది, తన కాళ్ళు వణుకుతున్నాయని చూసుకుని, ఎడమది కూడా వణకడం చూసి, ఇది జబ్బు కాదులే, భయం, అని తనకు తాను చెప్పుకున్నాడు.

"జ్వరం వచ్చేదాకా ఉంటావా?" అంది టెస్సా, వాడివైపు చూడకుండా.

"ఉంటా."

"అయితే టీ పెట్టు. ఊరికే కూర్చోకు."